కోటల్లో మెలిక మెట్లు శత్రువు కత్తి ఆడకుండా కట్టినవేనా?

ప్రశ్న ఇది. ఐరోపా మధ్యయుగపు కోటల్లో మెలిక మెట్లు ఎక్కేవాడికి ఎప్పుడూ కుడివైపుకు తిరుగుతాయి. అలా ఉంటే కిందినుంచి వచ్చే శత్రువు కుడిచేతి కత్తి నడి స్తంభానికి తగిలి ఆడదని, పైనుంచి కాచేవాడి చెయ్యి మాత్రం గోడవైపు ఖాళీగా ఉంటుందని చెబుతారు. ఇది నిజమేనా? మెట్ల ఎత్తుల్లో తేడాలు కూడా శత్రువు తడబడి పడాలని కావాలనే పెట్టారా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ల కాలం నుంచి కట్టిన మెట్లలో ఎక్కువ భాగం సవ్యదిశలో, అంటే ఎక్కేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతాయి. అంతవరకు నిజం. అది కత్తి కోసమేనన్న మాట మాత్రం మధ్యయుగపు రాతల్లో కనబడదు. మెట్లకు రక్షణలో పాత్ర ఉంది, చాలా పెద్ద పాత్రే. అయితే అది మెలిక ఎటు తిరుగుతుందన్న దాంట్లో లేదు. మెట్లు ఎక్కడ మొదలవుతాయి, ఎక్కడ ఆగిపోతాయి, వాటి తలుపు గడియ ఏ వైపు ఉంది అన్న వాటిలో ఉంది.

కత్తి చెయ్యి వాదన అచ్చులో మొదట కనబడేది 1902లో. థియొడోర్ ఆండ్రియా కుక్ అనే ఆంగ్ల కళావిమర్శకుడు మెలిక ఆకారాల మీద రాసిన వ్యాసంలో దీన్ని చెప్పాడు. ఆయనకు కత్తిసాము అంటే ప్రాణం. కాబట్టి మెట్లను చూడగానే కత్తి పట్టినవాడి కళ్లతో చూశాడు. అప్పటికే ఆ కోటలు యుద్ధానికి పనికిరాకుండా పోయి కొన్ని శతాబ్దాలు గడిచాయి. వినడానికి బాగుంటుంది, అక్కడికక్కడే చెయ్యి ఊపి చూపించవచ్చు. అందుకే గైడ్ల నోట, బడి పుస్తకాల్లో పాతుకుపోయింది.

దీనికి ఎదురు నిలిచే సంగతులు రెండున్నాయి. మొదటిది, అపసవ్యంగా తిరిగే మెట్లు అరుదేమీ కాదు. ఇంగ్లండ్, వేల్స్ కోటల్లోనే 80కి పైగా ఉదాహరణలను పరిశోధకులు పట్టిక వేశారు. వేల్స్‌లోని కెర్నార్వన్ కోట 1283లో మొదలైంది, రాజు మొదటి ఎడ్వర్డ్ డబ్బుకు వెనకాడకుండా కట్టించిన కోట. దాంట్లోనే అపసవ్య మెట్లున్నాయి. దిశ ప్రాణం మీదికి వచ్చే విషయమైతే ఆ కాలపు అత్యుత్తమ కోట నిర్మాతలు దాన్ని పట్టించుకోకుండా ఉండరు. రెండోది, ఎవరూ కత్తి దూయని చర్చి గోపురాల్లో కూడా సవ్యదిశ మెట్లే ఎక్కువ. స్కాట్లండ్‌లో ఫెర్నీహర్స్ట్ కోటకు చెందిన కెర్ వంశంవాళ్లు ఎడమచేతి వాటంవాళ్లని, అందుకే తమ మెట్లను తిరగేసి కట్టించారని ఒక ఐతిహ్యం ఉంది. అది వంశగాథ. దాన్ని మిగతా కోటలన్నిటికీ సూత్రంగా తీసుకోలేం.

ఇక కట్టడం సంగతి. ఇది తెలియకుండా దిశ గురించి మాట్లాడుకుని లాభం లేదు.

మెలిక మెట్లు కట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. తొలి నార్మన్ పద్ధతిలో ముందు చెక్కలతో మెలిక తిరిగిన సెంట్రింగ్ కొట్టి, దాని మీద రాళ్లు, సున్నం గచ్చు వేసి వాలుగా చుట్టుకుంటూ పోయే కప్పు కడతారు. ఆ కప్పు వీపు మీద మెట్ల పలకలు పరుస్తారు. ఇప్పటికీ కొన్ని చోట్ల మెట్ల కింద నిలబడి పైకి చూస్తే గచ్చులో సెంట్రింగ్ చెక్కల అచ్చులు కనబడతాయి. చెక్క, సున్నం, పనిరోజులు అన్నీ ఎక్కువ పడతాయి. తర్వాత వచ్చిన పద్ధతిలో ప్రతి మెట్టూ ఒకే రాయి. లోపలి కొసన గుండ్రటి బిళ్ల, దాన్నుంచి బయటికి వెడల్పవుతూ పోయే పలక, చివర గోడలోకి పది పన్నెండు సెంటీమీటర్లు దూరే తోక. ఒకదాని బిళ్ల మీద ఇంకోదాని బిళ్ల పేర్చుకుంటూ పోతే నడి స్తంభం దానంతటదే లేస్తుంది. సెంట్రింగ్ అక్కర్లేదు. ఒకే మూసతో నేల మీదే మెట్లన్నీ చెక్కి ఉంచుకోవచ్చు.

కొలతల లెక్క ఒకటి చూద్దాం. లోపలి వ్యాసం 2 మీటర్లు, నడి స్తంభం వ్యాసం 20 సెంటీమీటర్లు, చుట్టుకు 12 మెట్లు, మెట్టు ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకోండి. నడవడానికి మిగిలే వెడల్పు 90 సెంటీమీటర్లు. మెట్టు వెడల్పు స్తంభం దగ్గర 5 సెంటీమీటర్లు, నడి మధ్యలో సుమారు 30, గోడ దగ్గర 52. ఒక చుట్టు తిరిగేసరికి 2.4 మీటర్లు పైకి వస్తారు. తల మీద ఉన్నది పై చుట్టు మెట్టు అడుగు భాగమే కాబట్టి దాని మందం తీసేస్తే తలకు దొరికే ఖాళీ 2.2 మీటర్లు. చుట్టుకు 10 మెట్లే పెడితే ఆ ఖాళీ 1.8కి పడిపోతుంది, తల వంచక తప్పదు. 16 పెడితే తలకు హాయి, అడుగుకు ఇరుకు. మేస్త్రీ వెతుక్కునేది ఈ రెంటికీ మధ్యస్థం. ఈ కొలతల్లో ఒక్కో మెట్టు రాయి సుమారు 150 కిలోలు తూగుతుంది. ముగ్గురు నలుగురు కలిసి కప్పీ తాడుతో పైకి చేర్చగలరు.

దిశను నిజంగా నిర్ణయించేది తలుపులు. కింది అంతస్తు నేల నుంచి పై అంతస్తు నేలకు 5.4 మీటర్లనుకుందాం. 20 సెంటీమీటర్ల మెట్లయితే 27 కావాలి. ఒక్కో మెట్టుకు 30 డిగ్రీల చొప్పున 27 మెట్లకు 810 డిగ్రీలు, అంటే రెండు చుట్లు పోగా ఇంకో పావు చుట్టు. కింది తలుపు దక్షిణానికి ఉంటే, సవ్యంగా తిరిగితే పై తలుపు పడమటికి వస్తుంది, అపసవ్యంగా తిరిగితే తూర్పుకు వస్తుంది. మెట్లున్నది కోట ఈశాన్య మూల బురుజులో అయితే గదులుండేది దక్షిణం, పడమర వైపులే. తూర్పున తలుపు తెరిస్తే గాలిలోకి తెరిచినట్టే. కాబట్టి ఈ మూలకు సవ్యదిశ తప్పదు. అదే వాయవ్య మూలకు ఇదే లెక్క వేస్తే గదులు తూర్పు, దక్షిణం వైపు పడతాయి, అపసవ్యదిశ సులువవుతుంది. దిశ మార్చడం ఇష్టం లేకపోతే 22.5 సెంటీమీటర్ల మెట్లు 24 పెట్టి సరిగ్గా రెండు చుట్లలో తలుపు మీద తలుపు వచ్చేలా చేయవచ్చు, కాకపోతే మెట్టు ఎత్తయిపోతుంది. జంట బురుజుల మధ్య ద్వారం ఉన్నచోట ఒక బురుజులో సవ్యం, రెండో దాంట్లో అపసవ్యం ఎందుకు కనబడతాయో ఇందులోంచే అర్థమవుతుంది. ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా కట్టినప్పుడు మెట్లు కూడా తిరగబడతాయి.

మరి ఏ ఒత్తిడీ లేనిచోట కూడా సవ్యదిశే ఎందుకు ఎక్కువ? దిగేటప్పటి సంగతి గుర్తుచేసుకోండి. మెలిక మెట్ల మీద పడిపోయేది ఎక్కేవాడికంటే దిగేవాడే. సవ్యదిశ మెట్లు దిగుతుంటే స్తంభం ఎడమవైపు, బయటి గోడ కుడివైపు ఉంటాయి. కుడిచెయ్యి గోడను పట్టుకుంటుంది, పాదాలు వెడల్పైన చోట పడతాయి. ఎక్కువమందికి గట్టి చెయ్యి అదే. ఇంగ్లండ్‌లోని టాటర్‌షాల్ కోటలో, 1430, 40ల నాటి ఇటుక బురుజులో, బయటి గోడలోకే తొలిచి కూర్చిన రాతి చేపట్టు ఉంది. కట్టినవాళ్ల ధ్యాస దేని మీద ఉందో అది చూపిస్తుంది. ఇళ్లుగా వాడుకున్న కోటల్లో రోజూ ఆ మెట్ల మీద తిరిగింది నీళ్లు, కట్టెలు, అన్నం మోసే పనివాళ్లు. దీనికి మేస్త్రీల అలవాటు తోడవుతుంది. మెట్టు రాయి మూస ఒక దిశకు చెక్కింది ఉంటే దాన్ని తిరగేసి కొత్తగా గీయాలంటే కారణం కావాలి.

ఇప్పుడు కత్తి లెక్కకు వద్దాం. దీంట్లో నిజం బొత్తిగా లేదని కొట్టిపారేయడం కూడా సరికాదు. పైన చెప్పిన 2 మీటర్ల మెట్లలోనే ఒకడు పైన, ఒకడు కింద ఉన్నారనుకోండి. ఇద్దరూ స్తంభం మధ్య నుంచి 80 సెంటీమీటర్ల దూరంలో, గోడ పక్కగా నిలబడితే ఒకరికొకరు కనబడేది అర చుట్టు కంటే కాస్త తక్కువ ఎడంలో, అంటే ఐదున్నర మెట్ల తేడాలో. అప్పటికి వాళ్ల మధ్య దూరం, ఎత్తు తేడా పక్కన పెట్టి అడ్డంగా కొలిస్తే, ఒక మీటరు 60 సెంటీమీటర్లు. మరికాస్త స్తంభం వైపుకు జరిగి నిలబడితే 1.2 మీటర్లు. కనబడటమంటే అందుబాటులోకి రావడమే. 13వ శతాబ్దపు కత్తికి అలుగు 75, 80 సెంటీమీటర్లు, పిడితో కలిపి 90కి పైనే. చెయ్యి చాపితే చాలు, పొడవొచ్చు.

పొడవడం అన్నానంటే దానికి కారణం ఉంది. 90 సెంటీమీటర్ల దారిలో, తల మీద రెండడుగుల ఖాళీ కూడా లేనిచోట కత్తిని ఝళిపించి నరకడం పైవాడికీ కుదరదు, కిందివాడికీ కుదరదు. అలుగు గోడకో, పై మెట్టు అడుగుకో కొట్టుకుంటుంది. కాబట్టి నరికేటప్పుడు కిందివాడి కత్తి స్తంభానికి తగులుతుందన్న బొమ్మే అసలు తప్పు. తేడా వచ్చేది పొడిచేటప్పుడు. సవ్యదిశ మెట్లలో ఇద్దరి చూపూ స్తంభాన్ని రాసుకుంటూ పోతుంది. పైవాడికి స్తంభం ఎడమవైపు ఉంటుంది, కుడి భుజం బయటివైపు. స్తంభం చాటు నుంచి కుడి భుజం, చెయ్యి మాత్రం బయటపెట్టి పొడవగలడు. కిందివాడికి స్తంభం కుడివైపు. కుడిచెయ్యి చాటు దాటాలంటే ముందు ఎడమ భుజం, రొమ్ము బయటికి రావాలి. ఇంతవరకు పైవాడికి లాభమే.

దీని మీద కోత పెట్టేవీ ఉన్నాయి. కిందివాడి ఎడమచేతిలో డాలు ఉంటుంది. అతని దేహంలో ముందు బయటపడేది ఆ డాలే. పైవాడి డాలు స్తంభం వైపు ఇరుక్కుంటుంది. ఐదు మెట్ల ఎత్తు తేడా అంటే ఒక మీటరు. పైవాడి మోకాళ్లు, పిక్కలు కిందివాడి రొమ్ము, ముఖం ఎదురుగా ఉంటాయి. వాటిని కాపాడుకోవాలంటే పైవాడు వంగాలి, వంగితే తల దగ్గరవుతుంది. పైగా వెనక్కి తగ్గాల్సింది పైవాడు. చూడకుండా, వెనక్కి, పైకి, వెడల్పు 5 నుంచి 52 సెంటీమీటర్ల దాకా మారుతూ పోయే మెట్ల మీద. ఇవన్నీ కూడితే దిశ ఇచ్చే లాభం ఉన్నా చిన్నది. ఇరుకుతనం ఇచ్చే లాభమే పెద్దది. వందమంది లోపలికి వచ్చినా మెట్ల మీద పోరాడగలిగేది ఒక్కడే. అది సవ్యమైనా అపసవ్యమైనా మారదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. దాడి చేసేవాడు ఎప్పుడూ కిందినుంచే వస్తాడని ఎవరన్నారు? నిచ్చెనలు వేసి, చక్రాల మీద నడిచే చెక్క బురుజులు తోసుకొచ్చి గోడ మీదికి ఎక్కినవాళ్లు మెట్లు దిగుతూ వస్తారు. అప్పుడు కత్తి చెయ్యి లాభం మొత్తం శత్రువుదే. గోడ మీది కాపలా బురుజులకు సవ్యదిశ మెట్లు పెట్టడం ఆ లెక్కన పొరపాటే అవ్వాలి.

ముట్టడుల్లో నిజంగా ఏం జరిగిందో చూస్తే చిత్రం ఇంకా తేటపడుతుంది. ఇంగ్లండ్‌లోని రాచెస్టర్ కోట ప్రధాన బురుజును 1127 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం ద కార్బెయ్ మొదలుపెట్టాడు. కోట పిట్టగోడ దాకా 113 అడుగులు, అడుగున గోడ మందం 12 అడుగులు. 1215 అక్టోబరులో రాజు జాన్ దీన్ని ముట్టడించాడు. బయటి గోడ పడ్డాక లోపలివాళ్లు ప్రధాన బురుజులో చేరారు. రాజు మనుషులు ఆగ్నేయ మూల కిందికి సొరంగం తవ్వి, దూలాలతో నిలబెట్టారు. ఆ దూలాలను కొవ్వు మంటతో కాల్చడానికి తినడానికి అంతగా పనికిరాని బాగా కొవ్విన 40 పందులను పంపమని నవంబరు 25న రాజు ఉత్తరువు రాయించాడు. మూల మొత్తం కూలింది. అప్పుడు లోపలివాళ్లు ఎక్కడికి వెళ్లారు? మెట్లెక్కలేదు. ఆ బురుజును నిలువునా రెండు భాగాలుగా చీల్చే అడ్డుగోడ ఉంది, దాని అవతలి సగంలోకి తప్పుకుని అక్కణ్ణుంచి కాచారు. ఆ అడ్డుగోడ లోపలే బావి గొట్టం ఉంది, ప్రతి అంతస్తు నుంచి నీళ్లు తోడుకోవచ్చు. చివరికి నవంబరు 30న లొంగిపోయింది తిండి లేక. గుర్రపు మాంసం, నీళ్లే మిగిలాయి. ఈ పోరులో కోటను నిలబెట్టింది అడ్డుగోడ, దాని తలుపులు, బావి. పడగొట్టింది పలుగు, నిప్పు, ఆకలి. ఆ కూలిన మూలను తర్వాత గుండ్రంగా కట్టారు. మిగతా మూడు మూలలు పలకలుగా ఉండటం ఇప్పటికీ చూడవచ్చు.

ఇంగ్లండ్‌లో మిగతా ముట్టడులదీ ఇదే తోవ. 1216లో డోవర్‌లో పోరు జరిగింది సొరంగం తవ్వి పడగొట్టిన ఉత్తర ద్వారం దగ్గర. 1224లో బెడ్‌ఫోర్డ్ ఎనిమిది వారాల్లో అంచెలంచెలుగా పడింది, చివరి బురుజు కిందికి కూడా సొరంగమే. 1266లో కెనిల్‌వర్త్ ఆరు నెలలు నిలిచి ఆకలికి లొంగింది. ప్రధాన బురుజు మెట్ల మీద మనిషికి మనిషి నిలబడి పోరాడే దాకా వస్తే అప్పటికే కోట పోయినట్టు. అంత చివరి నిమిషం కోసం కట్టడమంతా తిప్పుకునే నిర్మాత ఉండడు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ గోల్కొండ. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత అది పడింది లోపలివాడొకడు లంచం తిని తలుపు తెరిచినందువల్ల. రామదాసు కథలో మనమెరిగిన తానీషాను ఔరంగజేబు బందీగా పంపిన దౌలతాబాద్‌లో మాత్రం నిజంగానే శత్రువు కోసం కట్టిన మెట్ల దారి ఉంది. నిటారుగా చెక్కేసిన కొండలోంచి చీకటి సొరంగంలా వంకర్లు తిరుగుతూ పైకి పోతుంది. పై కొసన ఇనుప మూత వేసి దాని మీద మంట పెడితే దారంతా పొగ, వేడి నిండుతుంది. రక్షణ కోసం మెట్లు కట్టాలంటే ఎలా ఉంటుందో దాన్ని చూసి చెప్పొచ్చు. వెలుతురు లేదు, తప్పుకునే దారి లేదు, పైన మూత ఉంది. మెలిక ఎటు అన్నది అక్కడ ప్రశ్నే కాదు.

ఐరోపా కోటల్లో కూడా మెట్లతో చేసిన అసలైన రక్షణ ఈ తరహాదే. మొదటి ఉపాయం, ప్రవేశం నేల మీద పెట్టకపోవడం. లండన్ శ్వేత బురుజు (వైట్ టవర్) 1070లలో మొదలైంది. దాని ద్వారం దక్షిణం వైపు, నేల నుంచి ఒక అంతస్తు ఎత్తున ఉంది. బయటి చెక్క మెట్లు తీసేస్తే ద్వారం అందదు. లోపలికి వచ్చినా అంతస్తులన్నిటినీ కలిపే పెద్ద మెలిక మెట్లు ఈశాన్య మూలలో, ద్వారానికి దూరంగా ఉన్నాయి. గదులు దాటుకుంటూ పోతే తప్ప వాటిని చేరలేరు. రాచెస్టర్, డోవర్‌లలో ద్వారం ముందు రాతితో ప్రత్యేకంగా ముందు బురుజు కట్టి మెట్లను దాంట్లో పెట్టారు. రాచెస్టర్‌లో ఆ మెట్లకూ ద్వారానికీ మధ్య లోతైన గొయ్యి, దాని మీద ఎత్తే వంతెన, ద్వారంలో పైనుంచి జారే చట్రపు తలుపు.

రెండో ఉపాయం, మెట్లను తెంపడం. యార్క్‌షైర్‌లోని కోనిస్‌బ్రో గుండ్రటి బురుజులో మెట్లు గోడ మందంలోనే వంపు తిరిగి పోతాయి. ఒక అంతస్తు చేరాక పైకి వెళ్లాలంటే గదిని దాటి ఇంకో తలుపు నుంచి ఎక్కాలి. అంటే ప్రతి గదీ ఒక కాపలా చోటే. ఇంటివాళ్లకు అది రోజువారీ ఇబ్బంది, ఎవరు పైకి వెళ్తున్నారో కనబడేందుకు వీలు కూడా. ప్రభువు గదికి ఎవరు చేరగలరన్నది యుద్ధం లేని రోజుల్లో కూడా ముఖ్యమే. మెట్ల ఏర్పాటులో ఎక్కువ భాగం ఈ పెద్దరికం, మరుగు కోసమే జరిగిందని నా అభిప్రాయం. గోడల మీద కూడా ఇదే పద్ధతి. వేల్స్‌లోని కాన్వీ ఊరి గోడకు 21 బురుజులు, వీపు వైపు తెరిచి ఉంటాయి. వాటి మీదుగా నడవడానికి తీసేయగల చెక్క వంతెనలుండేవి. ఒక ముక్క శత్రువు చేతికి చిక్కితే రెండు వంతెనలు లాగేస్తే ఆ ముక్క ఒంటరి.

మూడోది అడ్డగడియ. నేను ఎవరికైనా కోటలో ఒక్కటే చూడమని చెప్పాల్సి వస్తే మెట్ల తలుపు పక్క గోడలోని గడియ రంధ్రాలను చూడమంటాను. ద్వారబంధానికి ఒక పక్క లోతైన పలక రంధ్రం, ఎదురు పక్క అదే ఎత్తున చిన్న గుంట. 80 సెంటీమీటర్ల ద్వారానికి గడియ మాను గుంటలో 15, గోడలో 20 సెంటీమీటర్లు నిలవాలంటే మాను పొడవు 1.15 మీటర్లు. తలుపు తీసినప్పుడు అదంతా గోడలోకి జారిపోవాలి కాబట్టి రంధ్రం లోతూ అంతే. గోడ కట్టేటప్పుడే వదలాల్సిన రంధ్రం అది, తర్వాత తొలవడం చాలా కష్టం. అందుకే అది కట్టినవాడి ఆలోచనకు నమ్మదగిన సాక్ష్యం. రంధ్రాలు తలుపుకు గది వైపు ఉంటే గదిలోవాళ్లు మెట్ల నుంచి వచ్చేవాళ్లను ఆపడానికి. మెట్ల వైపు ఉంటే మెట్లే భద్రమైన భాగం, గదిలోంచి వచ్చేవాళ్లను ఆపాలి. వాటిని చూసుకుంటూ పోతే శత్రువు ఎటు నుంచి వస్తాడని నిర్మాత అనుకున్నాడో అంతస్తు అంతస్తుకూ తెలిసిపోతుంది.

దగ్గరి పోరుకు మెట్లు నిజంగా పనికొచ్చే కట్టడాలు ఐర్లండ్, స్కాట్లండ్ బురుజు ఇళ్లు, ముఖ్యంగా 15, 16 శతాబ్దాలవి. అక్కడి భయం సొరంగాలు తవ్వే రాజు సైన్యం కాదు, రాత్రిపూట పశువుల కోసం, పగ కోసం వచ్చే పొరుగు ముఠా. ఐరిష్ బురుజు ఇంట్లో తలుపు దాటగానే ఇరుకైన చిన్న గది, దాని కప్పులో పైనుంచి రాళ్లు వేయడానికి, ఈటెలతో పొడవడానికి రంధ్రం, పక్కన మెలిక మెట్ల తలుపు. స్కాట్లండ్‌లో చెక్క తలుపు వెనక ఇనుప కమ్మీల అల్లిక తలుపు ఇంకొకటి. ఇరవై ముప్ఫైమంది ముఠాను ఇలాంటి చోట ఇద్దరు ముగ్గురు ఆపగలరు. కత్తి చెయ్యి వాదానికి ఎక్కడైనా చోటుంటే ఇక్కడే. అయినా ఇక్కడ కూడా ముందు పనిచేసేది ఆ తలుపూ, ఆ కప్పు రంధ్రమూ.

మెట్ల పక్క సన్నటి కంతలను బాణాల కోసమని చూపిస్తారు. ఎక్కువ భాగం వెలుతురు, గాలి కోసమే. విల్లు ఎక్కుపెట్టాలంటే కంత వెనక మనిషి పక్కకు తిరిగి నిలబడి మోచెయ్యి చాపేంత చదునైన చోటుండాలి. మెలిక మెట్టు మీద అది దొరకదు. నిజమైన బాణపు కంతకు వెనక గోడలో ఒక గూడు, చదును నేల ఉంటాయి.

ఇక మెట్ల ఎత్తుల తేడా. కావాలని పెట్టారనడానికి ఆధారం లేదు, తర్కమూ లేదు. ఆ మెట్ల మీద వెయ్యిసార్లు చీకట్లో పరుగెత్తేది సొంత మనుషులే. తేడాలు ఎలా వస్తాయో చూస్తే చాలు. 5.4 మీటర్లను సమంగా పంచిన లెక్క గోడ లేచేసరికి మూడు నాలుగు సెంటీమీటర్లు తప్పుతుంది, ఆ తప్పంతా తలుపు దగ్గరి మొదటి మెట్టుకో చివరి మెట్టుకో చేరుతుంది. అందుకే తేడా మెట్టు చాలాసార్లు గడప పక్కనే ఉంటుంది. పని శీతాకాలంలో ఆగి మళ్లీ మొదలైనచోట, మేస్త్రీ మారినచోట మూస మారుతుంది. తర్వాత అరుగుదల. మెత్తటి రాయైతే నడి మధ్యలో కొన్ని సెంటీమీటర్ల గుంట పడుతుంది. ఆ గుంటను నింపడానికి పైన కొత్త పలక వేస్తే ఆ మెట్టు ఎత్తు మారి, దాని పై మెట్టు పొట్టిదవుతుంది. గోడ కుంగితే మెట్టు తోక దిగి, రాయి సన్నగా ఉండే స్తంభం మెడ దగ్గర పగులుతుంది. దాన్ని తీసి ఇంకో రాయి పెట్టినప్పుడు మళ్లీ తేడా.

మీరు ఇలాంటి కోటకు వెళ్తే ఒక టేపు తీసుకెళ్లండి. వరసగా పది పన్నెండు మెట్ల ఎత్తు, స్తంభం నుంచి ఒకే దూరంలో కొలవండి. అరిగిన గుంటలో కాకుండా గోడ దగ్గరి అరగని కొస మీద కొలవాలి. అక్కడ కొలతలు ఒకటిగా ఉండి మధ్యలో మాత్రమే మారితే అది అరుగుదల. ఒకే ఒక్క మెట్టు తేడాగా ఉండి, రాయి రంగో ఉలి గుర్తులో వేరుగా ఉంటే మరమ్మతు. గడప పక్కనే తేడా ఉంటే మేస్త్రీ లెక్క సర్దుబాటు. ఎక్కుతున్నప్పుడు స్తంభం ఏ చేతివైపు ఉందో, ఆ బురుజు కోటలో ఏ మూలనుందో, పై తలుపు ఎటు తెరుచుకుందో మూడూ రాసుకోండి. దిశ ఎందుకు అలా ఉందో ఎక్కువసార్లు ఆ మూడింటితోనే తేలిపోతుంది. దిగేటప్పుడు మాత్రం కొలతలు పక్కన పెట్టి, గోడ పక్కగా, వెడల్పైన చోటే అడుగు వేస్తూ దిగండి. ఎదురుగా ఎవరైనా వస్తే సన్నటి స్తంభం వైపుకు తప్పుకోవాల్సింది ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు కాదు.